నవరాత్రుల్లో దిగిపోయిన ఆయిలు

మొన్న మా కారు సర్వీసింగుకి ఇచ్చినప్పుడు అక్కడ పనిచేసే అమ్మాయి ముందు మూత ఎత్తి, ఆయిలు కొలిచే కడ్డీ పైకి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి నాకు చూపించింది. సరిగ్గానే ఉంది, చూడండి అంది. నేను ఊరుకోలేక, "ఇంజను కాసేపు తిప్పి చూశావా, ఊరికే చూశావా?" అని అడిగాను. ఆ పిల్ల కడ్డీ చేత్తో పట్టుకునే నన్ను ఎగాదిగా చూసింది. నెరిసిన జుట్టు ముడేసుకుని, చేతిలో కరివేపాకు సంచీతో నిలబడ్డ మనిషి నోటినుంచి అలాంటి ప్రశ్న వస్తుందని అనుకున్నట్టు లేదు. కార్లకి ఇంజను ఆపేసి, కాసేపాగి, అప్పుడు చూస్తారట. మా బండికి అలా కాదమ్మా అని మొదలుపెట్టబోయాను గానీ, నా వెనక ఇద్దరు తాళాలు ఆడిస్తూ నిలబడి ఉన్నారు. ఆమెకి చెప్పలేకపోయింది మీకు చెబుతాను.

మేము కివీ కాయల దేశంలో ఈ టౌరంగా ఊరికి వచ్చిన కొత్తలో మాట ఇది. రెండు వేల సంవత్సరం దాటి అప్పటికి కొన్నేళ్ళయింది. మా చెల్లెలు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. తోబుట్టువులని పిలిపించుకునే వీలు అప్పట్లో ఉండేది, అలా మమ్మల్ని పిలిపించింది. తను, తన భర్త, అంటే మా మరిది, మేమిద్దరం అంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మాకు పిల్లల్లేరు కనుక కదలడానికి అడ్డమేమీ లేకపోయింది. మా ఆయన తణుకు దగ్గర ఒక రైసుమిల్లులో ఇంజను, బెల్టులు, మోటార్లు చూసుకునే మనిషి. ఇక్కడ కివీ కాయలు పెట్టెలకెత్తే షెడ్డులో పని దొరికింది. కాయల కాలం ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది. అది అయిపోయి చలికాలం వచ్చాక ఆయనకి చేతిలో పని లేదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని వాన చూస్తూ కూర్చునేవారు. వాన చూడడం మంచి పనే గానీ, మిల్లులో రోజంతా పాతిక చోట్ల చెయ్యి పెట్టిన మనిషికి అది పని కాదు. "ఇక్కడ చెడిపోయినవి బాగుచేయరే. అవతల పారేసి కొత్తవి కొంటారు. ఇంక నేనెందుకు ఈ దేశానికి?" అనేవారు. కొన్నాళ్ళకి ఆ మాట, "దసరా వెళ్ళాక టిక్కెట్లు తీయిద్దాం, మనూరు పోదాం" అనే మాటగా మారింది.

నాకు మాత్రం పోవాలని లేదు. చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. మా ఊళ్ళో బస్సెక్కాలంటే అది ఏ ఊరు పోతుందో పక్కవాళ్ళని అడిగి ఎక్కేదాన్ని. టౌరంగా వచ్చాక మా చెల్లెలు ఇంట్లో నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది, లైబ్రరీలో ఒక పెద్దావిడ ఇంగ్లీషు అక్షరాలు చెప్పేది. రెండూ సగం సగంలో ఉన్నాయి. కొత్తగా నోట్లో పళ్ళు మొలిచిన పిల్ల కనిపించిందల్లా కొరికినట్టు, వీధిలో ఏ బోర్డు కనిపించినా నిలబడి చదివేదాన్ని. డెయిరీ ముందు పాల ధర, గేటు మీద కుక్క ఉంది జాగ్రత్త, బస్సు నంబరు, ఏదైనా సరే. ఊరికి పోతే ఇదంతా ఆగిపోతుందని నాకు తెలుసు. అక్కడ నేను పలక పట్టుకుని కూర్చుంటే నవ్వని వాళ్ళెవరు? కానీ ఆయన దిగులు చూస్తూ చూస్తూ, నా చదువు కోసం ఉండండి అని ఎలా అనను?

అలా బోర్డులు చదివే అలవాటువల్లే మోటారు సైకిలు మా ఇంటికి వచ్చింది. పక్కింటి ముసలాయన తన షెడ్డు తలుపు బార్లా తీసి, ఒక పాత బండిని బయట నిలబెట్టి, దాని హ్యాండిల్‌కి అట్టముక్క వేలాడదీశాడు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఫర్ సేల్ అని చదివి, ఆ సంతోషంలో ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి ఆయనకి చెప్పాను. అమ్మకానికి ఏముందో చూడమని కాదు, నేను చదివానని చెప్పడానికి. ఆయన చెప్పుల్లేకుండానే బయటికొచ్చారు. ఒంటి సిలిండరు ఇంగ్లండు బండి, నాకంటే వయసులో పెద్దది. ముసలాయనకి మోకాలు మార్చారు, ఇంక కిక్కు కొట్టలేడు. మా ఆయన ట్యాంకు మీద చెయ్యి వేసి, గొంతుక్కూర్చుని ఇంజను కిందికి తొంగిచూసి, వేలికి ఆయిలు రాసుకుని వాసన చూశారు. ఎన్ని నెలలకో ఆయన ముఖంలో కుతూహలం కనిపించింది. "మన బుల్లెట్టుకి తాతే ఇది. దీని ఒళ్ళంతా నాకు తెలుసు" అన్నారు.

బండి మా గ్యారేజీలోకి వచ్చిన రోజున ఒక ఒప్పందం చేసుకున్నాం. "దీన్ని రోడ్డెక్కిస్తాను. ఎక్కితే ఉండే సంగతి ఆలోచిద్దాం. ఎక్కకపోతే దసరా తర్వాత టిక్కెట్లే. నువ్వింక మాట్లాడకూడదు" అన్నారు. సరేనన్నాను. అప్పటినుంచి ఆ బండి ఎలా ఉందన్నది నాకు, మా ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే ఎలా ఉందన్నంత ముఖ్యమైపోయింది. వంట పూర్తికాగానే గ్యారేజీలోకి వెళ్ళి చెక్కపెట్టె మీద కూర్చునేదాన్ని. టార్చి పట్టుకోవడం నా ఉద్యోగం.

మొదటి తగువు బ్యాటరీ దగ్గర వచ్చింది. పాతది చచ్చిపోయి ఉంది. ఆరు వోల్టుల బ్యాటరీ వెతుక్కుని తెచ్చి, మా ఆయన నల్లతీగని బండి చట్రానికి బిగించారు. అంతకుముందు అక్కడ ఎర్రతీగ ఉండేది. "ముసలాయనకి చూపు ఆనలేదు పాపం, తీగలు తిరగేసి పెట్టాడు. ట్రాక్టరు నుంచి లారీ దాకా ఎక్కడైనా నలుపే బాడీకి" అని సరిచేసేశారు. లైటు వేశారు. బెల్లం పాకం రంగులో వెలిగింది. నేను చప్పట్లు కొట్టాను. కొడుతూ కొడుతూ, లైటు పైన గడియారంలాంటి చిన్న బిళ్ళ చూశాను. దాని ముల్లు మధ్యలోంచి కుడివైపు, ప్లస్సు గుర్తు దగ్గరికి పోయి నిలబడింది.

"ఏవండీ, ఆ ముల్లు దేనికి?"

"బ్యాటరీలోకి కరెంటు పోతోందా, బయటికొస్తోందా చెప్పడానికి. మైనస్ అయితే ఖర్చు, ప్లస్ అయితే జమ."

"మరి దీపం వెలుగుతుంటే జమ అవుతోందేంటి? ఇంజను తిరగట్లేదు కదా."

"టార్చి సరిగ్గా పట్టుకో" అన్నారు ఆయన. కానీ లైటు ఆర్పారు, మళ్ళీ వేశారు, మళ్ళీ ఆర్పారు. ముల్లు ప్రతిసారీ జమవైపే వెళ్ళింది. ముల్లే చెడిపోయిందని తేల్చేసి భోజనానికి వెళ్ళిపోయారు. వెలుగుతున్న దీపం నూనెని పెంచడం నేనెక్కడా చూడలేదు. మర్నాడు కంచె దగ్గర ముసలాయన నిమ్మచెట్టు కత్తిరిస్తుంటే, ఎర్రదారం ముక్క ఒకటి, నల్లదారం ముక్క ఒకటి పట్టుకెళ్ళి, నల్లది మా గేటు ఇనుముకి తాకించి చూపించాను. ఆయన కత్తెర కింద పెట్టి, "నో, నో" అని నల్లదారం లాగేసి, ఎర్రదారం ఆ ఇనుముకి కట్టాడు. ఆ కాలం ఇంగ్లండు బళ్ళకి ప్లస్సే బాడీకట. అక్కడివాళ్ళు అలా మొదలుపెట్టారు, తర్వాత లోకమంతా తిరగేసింది.

నేను గెలిచాననుకుని ఇంటికొచ్చి చెబితే మా ఆయన మండిపడ్డారు. "ఎవరడగమన్నారే నిన్ను? ఇండియావాడికి బ్యాటరీ తగిలించడం రాదని ఊరంతా దండోరా వేశావు. ఇంకోసారి ఆయన గుమ్మం తొక్కావంటే ఊరుకోను." తిడుతూనే ఎర్రతీగని చట్రానికి మార్చారు. ముల్లు బుద్ధిగా ఖర్చువైపు వచ్చింది. తర్వాత డైనమో నుంచి వచ్చే తీగ ఊడదీసి, దాని లోపలి చుట్టకి బ్యాటరీ తీగ ఒక్క క్షణం తాకించి తీసేశారు. చిట్‌మని చిన్న నిప్పురవ్వ వచ్చింది. ఏది ప్లస్సో ఏది మైనస్సో డైనమో తప్పుగా నేర్చేసుకుని ఉంటుంది, అలా తాకిస్తే దానికి మళ్ళీ సరిగ్గా గుర్తుంటుంది అన్నారు. ఇనుముకి జ్ఞాపకం ఉంటుందా అని అడిగాను. "ఉంటుంది. నీకంటే తక్కువ మాట్లాడుతుంది" అన్నారు. కోపం పోయిందని అర్థమైంది.

ఆ తర్వాత ఆయిలు పని. అది నాకు ఇంకా నచ్చింది. మనం అనుకున్నట్టు ఆ బండిలో ఆయిలు ఇంజను అడుగున ఉండదు. సీటు కింద పక్కగా వేరే డబ్బా ఉంటుంది. ఇంజను తిరుగుతుంటే ఒక పంపు డబ్బాలోంచి ఇంజనుకి తీసుకెళుతుంది, ఇంకో పంపు అడుగున చేరిందాన్ని తోడి మళ్ళీ డబ్బాలోకి పంపుతుంది. కాలువ నీళ్ళు చేలో పారి, మళ్ళీ కాలువలోకే వచ్చినట్టు. పాత ఆయిలంతా దింపితే కాటుకలా ఉంది. డబ్బా విప్పి కడిగి, జల్లెడ తుడిచి, అంచుకి కాస్త కిందిదాకా కొత్త ఆయిలు పోశారు. నేను కింద కొత్త అట్ట పరిచాను, ఎక్కడైనా కారుతుందేమో తెలియడానికి. రెండో కిక్కుకే ఇంజను అందుకుంది. ఆ చప్పుడు విని మా చెల్లెలు లోపల్నుంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. ఇంక పరీక్ష చేయించి, రోడ్డెక్కవచ్చని ఇక్కడివాళ్ళు ఇచ్చే వారెంటు తెచ్చుకోవడమే మిగిలింది.

ఇక్కడే మా ఆయనకి భక్తి అడ్డం వచ్చింది. కొత్తగా కొన్న బండి పూజ కాకుండా రోడ్డెక్కకూడదు. నవరాత్రులు వస్తున్నాయి. మిల్లులో ఆయుధపూజనాడు యంత్రాలన్నీ ఆపి, కడిగి, బొట్లు పెట్టేవారు. అక్కడ షావుకారు ఆ ఒక్క రోజే ఆపనిచ్చేవాడు. ఇక్కడ తీరిక ఎక్కువ కనుక భక్తి కూడా ఎక్కువైంది. నవరాత్రులన్నీ యంత్రానికి విశ్రాంతి, విజయదశమినాడు పూజ, ఆ వెంటనే వారెంటు అని నిర్ణయించేశారు. బండి తుడిచి, పసుపు గుడ్డ కప్పి, దణ్ణం పెట్టి గ్యారేజీ తలుపు వేశారు. ఇక్కడ దసరాకి వసంతం. వీధిలో ప్రతి పెరట్లోనూ నిమ్మకాయలు విరగకాసి ఉన్నాయి, చక్రాల కిందికి కొనక్కర్లేదు. గుమ్మడికాయ మాత్రం మనది దొరకలేదు. ఆకుపచ్చ తోలుది, బండరాయిలాంటిది తెచ్చాం.

విజయదశమి పొద్దున్న తలస్నానం చేసి పంచె కట్టుకుని, పూజకి ముందు ఒకసారి చూద్దామని మా ఆయన ఆయిలు డబ్బా మూత తీశారు. తీసి నన్ను పిలిచారు. నేను వెళ్ళి చూశాను. డబ్బాలో ఆయిలు లేదు. అడుగున మెరుపు మాత్రం ఉంది. వంగి కింద అట్ట చూశాను. పరిచినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఒక్క చుక్క లేదు. మా చెల్లెలు, మరిది కూడా వచ్చారు. నలుగురం బండి చుట్టూ తిరిగాం.

"ఎవరైనా తీసుంటారా?" అన్నారు మా ఆయన.

"ఆయిలు దొంగతనానికి వచ్చినవాడు టీవీ వదిలేసి పోతాడా అన్నయ్యా?" అన్నాడు మరిది.

"కారలేదు కదా, అయితే లోపలే ఉండాలి" అన్నాను నేను.

"లోపలంటే ఎక్కడే? ఆయిలుండే చోటు డబ్బాయే కదా! అందులో లేదంటే లేదు." ఆయన విసుక్కుని సీసా తెచ్చి డబ్బా మళ్ళీ నింపేశారు. ముహూర్తం దాటిపోతోందని మా చెల్లెలు తొందరపెట్టింది. లైటుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతిచ్చాం. కాయ పగలగొట్టడానికి మరిది సుత్తి తెచ్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. మా ఆయన దణ్ణం పెట్టుకుని కిక్కు కొట్టారు. కాలు దిగలేదు. బురదలో దిగిన బండిచక్రాన్ని తోసినట్టు బరువుగా ఉంది. పళ్ళు బిగించి కొట్టగా కొట్టగా అందుకుంది.

అందుకున్నాక జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, అప్పుడు ఏడుపొచ్చింది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ లేచి గ్యారేజీ నిండి, కంచె దాటి అవతలివాళ్ళ బట్టల తీగ మీదికి పోయింది. ఆయిలు డబ్బా మూత పక్కనుంచి కొత్త ఆయిలు పొంగి, గొలుసు మీద, టైరు మీద, నిమ్మకాయల మీద, మా ఆయన పంచె మీద ధారగా కారింది. "ఆపు బావా, ఆపు!" అని మా చెల్లెలు అరుస్తోంది. "అన్నయ్యా, హోమం కూడా అయిపోయింది" అని మరిది దగ్గుతూ నవ్వుతున్నాడు. ఇంజను ఆపేసి మా ఆయన మెట్టు మీద కూర్చున్నారు. పంచెకి చేతులు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. పోసిన ఆయిలేమో మాయమైంది, మాయమైన చోట పోస్తే బయటికొచ్చింది. ఆయన మా చెల్లెలి వైపు చూసి, నెమ్మదిగా, "రేపు టిక్కెట్ల సంగతి చూడమ్మా" అన్నారు. గట్టిగా అని ఉంటే నాకు భయం వేసేది కాదు.

ఒప్పందం ప్రకారం నేను మాట్లాడకూడదు. మాట్లాడలేదు. వంటింట్లోకి వెళ్ళి, ఒక పళ్ళెంలో పులిహోర పెట్టుకుని, తొక్కవద్దన్న గుమ్మం దాకా వెళ్ళి, తలుపు కొట్టాను. ముసలాయన అప్పటికే పొగ చూసి బూట్లు తొడుక్కుంటున్నాడు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసి, "ఆయిల్ గో. ఫ్లోర్ నో. వేర్?" అన్నాను. ఆయన పులిహోర ఒక ముద్ద నోట్లో వేసుకుని, కర్ర తీసుకుని నా వెంట వచ్చాడు.

బండికి పెట్టిన బొట్లు, నలిగిన నిమ్మకాయలు, చెక్కలైన గుమ్మడికాయ అన్నీ చూశాడు, ఏమీ అడగలేదు. "ఎన్నాళ్ళు నిలబెట్టావు మేట్?" అని మాత్రం అడిగాడు. మా ఆయన తల ఎత్తకుండానే, పండగ కదా, పండగలో యంత్రానికి రెస్టు అన్నారు. మరిది దాన్ని వివరంగా ఇంగ్లీషులో చెప్పాడు. ముసలాయన కర్ర మీద వాలి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. తర్వాత ఇంజను కింద ఒక బిరడా చూపించి, దాన్ని విప్పమని, కింద ఏదైనా పెట్టమని చెప్పాడు. నేను రొట్టె కాల్చే పళ్ళెం తెచ్చాను. మా ఆయన బిరడా విప్పారు.

ఆయిలు వచ్చింది. మేము పోసిందే, తేనెరంగుది. వస్తూనే ఉంది. పళ్ళెం నిండబోతే మా చెల్లెలు గిన్నె తెచ్చింది. ఆ పంపులో ఒక చిన్న గోలీ ఉంటుందట, ఇంజను ఆగినప్పుడు ఆయిలు జారకుండా దారి మూయడానికి. పాత బళ్ళలో అది అరిగిపోతుంది. బండి ఊరికే నిలబడితే డబ్బాలో ఆయిలు దాని పక్కనుంచి సన్నగా జారి ఇంజను కడుపులోకి దిగిపోతుంది. బయటికి ఒక్క చుక్క రాదు. పైన డబ్బా ఖాళీగా కనిపిస్తుంది, పోస్తే రెట్టింపవుతుంది. అందుకే ఇంజను కాసేపు తిప్పాక గానీ ఆయిలు చూడకూడదు. ఎక్కువ రోజులు ఆపదలచుకుంటే ఆయిలు దింపి సీసాలో పోసి ఉంచాలి.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా" అన్నారు మా ఆయన, కాస్త నిష్ఠూరంగానే.

"నా దగ్గర అది అన్నాళ్ళెప్పుడూ నిలబడలేదు. కాలు బాగున్నంతకాలం ప్రతి సాయంత్రం కిక్కు కొట్టేవాణ్ణి, ఆ తర్వాత మా మేనల్లుడొచ్చి కొట్టిపోయేవాడు. మోటారు సైకిలుకి సెలవిచ్చే మనుషులుంటారని నాకేం తెలుసు?" అన్నాడు ముసలాయన. ఆయన అన్నది మరిది తెలుగులో చెప్పేలోపే మా ఆయనకి అర్థమైపోయింది. నవ్వారు. ఆ నవ్వు విని నేను లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

బిరడా బిగించి, డబ్బాలో ఎంత ఉండాలో అంతే ఉంచి, మళ్ళీ కిక్కు కొడితే కాలు సులువుగా దిగింది. పొగ కాసేపటికి పలచబడి పోయింది. ముసలాయన నన్ను పిలిచి మూత తీసి లోపలికి చూడమన్నాడు. డబ్బా లోపల పైన చిన్న గొట్టంలోంచి ఆయిలు ఆగి ఆగి పడుతోంది, పిల్లి నాలుకతో పాలు తాగినట్టు. వెళ్ళింది తిరిగొస్తోందని కళ్ళతో చూడడానికే ఆ ఏర్పాటేమో అనిపించింది. ఎంతసేపు చూశానో తెలియదు, వెంట్రుకలు డబ్బా మూతికి తగులుతున్నాయని మా ఆయన నా జడ పట్టుకుని వెనక్కి లాగారు.

తర్వాతి వారంలో వారెంటు వచ్చింది. ఆయన వెనక కూర్చుని సముద్రం వెంబడి వెళ్ళాను. దారిలో కనిపించిన బోర్డులన్నీ గాలికి ఎదురుగా గట్టిగా చదువుతుంటే, వినపడనట్టు నటించారు. టిక్కెట్ల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, మా చెల్లెలు తప్ప. ఒకరోజు భోజనాల దగ్గర, "బావగారూ, మరి వెళ్ళడం సంగతి ఏం చేశారు? ఇప్పుడు బుక్ చేస్తే సీట్లు దొరుకుతాయి" అంది. ఆయన మజ్జిగ కలుపుకుంటూ, "మనం వెళ్ళిపోతే దాని ఆయిలంతా కిందికి దిగిపోతుందమ్మా. రోజు విడిచి రోజు స్టార్ట్ చేయాలి. ఎవరు చేస్తారు?" అన్నారు. ఆయిలు దింపి సీసాలో పోసిపెడితే ఎన్నాళ్ళైనా ఉంటుందని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట అనలేదు. నేను ఆయన కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించాను.

ఉండిపోదామని మేము ఏనాడూ కూర్చుని అనుకున్నది లేదు. వెళ్ళడాన్ని ఎల్లుండికి, ఆ పై ఎల్లుండికి నెట్టుకుంటూ పోయాం. అలా నెట్టిన ఎల్లుండులన్నీ వరసగా పేర్చి చూసుకుంటే ఒక జీవితం అయింది.